ఏడు కార్లకి ఒకటే కార్బురేటరు

మా మావయ్య కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే పని చేస్తాడు. షాపు ముందుభాగంలో గాజు బీరువాలు, ఫ్రేములు, నిలువుటద్దం, నవ్వుతూ మాట్లాడే అమ్మాయిలు ఉంటారు. వాళ్ళ వెనక తెర తొలగిస్తే చిన్న గది. అందులో ఒక మిషను, దాని మీద ఎప్పుడూ సన్నగా నీళ్ళు కారే గొట్టం, తడి నేల, ఒక ఎత్తు స్టూలు. ఆ స్టూలు మీద ఆయన ముప్ఫై ఆరేళ్ళుగా కూర్చున్నాడు. ముందుకొచ్చి కౌంటరు చూసుకోమని ఓనరు రెండుసార్లు అడిగినా వెళ్ళలేదు. ముందుకొస్తే మనుషులతో మాట్లాడాలి, మాట్లాడితే ఎవరికో ఒకరికి కోపం రావచ్చు, ఎవరికైనా కోపం వస్తుందేమో అనిపిస్తే చాలు ఆయన తెర వెనక్కి వెళ్ళిపోతాడు.

మా అమ్మకి స్వయానా తమ్ముడు కాబట్టి నేను చెప్పినా తప్పులేదు: అంత పిరికి మనిషిని నేనింతవరకూ చూడలేదు. ఫోను మోగితే భయం, మోగకపోతే ఎవరికేమైందోనని భయం. డాక్టరు బీపీ చూసేలోపే బీపీ వచ్చేస్తుంది. రోడ్డు మీద పోలీసు ఎదురైతే, తను నడిచి వెళ్తున్నా సరే, జేబులో లైసెన్సు ఉందో లేదో తడుముకుంటాడు. మా అత్తయ్య నీళ్ళ ఆఫీసులో ఫిర్యాదుల కిటికీ దగ్గర ఇరవై రెండేళ్ళు కూర్చున్న మనిషి. ఊరందరి తిట్లూ తిని అరిగించుకుంది. ఆవిడంటుంది, "ఈయన దగ్గరికి దొంగలు రానక్కర్లేదే. వస్తున్నామని కబురు పెడితే చాలు, బీరువా తాళాలు ఎదురెళ్ళి ఇచ్చొస్తాడు."

పిరికితనం ఒక్కటే అయితే ఎలాగో నెట్టుకొచ్చేవాడు. దానికి తోడు మొహమాటం. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత ఒకటుంది గానీ, పెద్దల ముందు పూర్తిగా చెప్పలేను. ఆయనకి కారు వచ్చింది కూడా మొహమాటం వల్లే. పాత ఓనరుకి, అంటే ఇప్పటి ఓనరు వాళ్ళ నాన్నకి, చూపు మందగించింది. కళ్ళజోళ్ళు అమ్మేవాడికే కళ్ళు పోవడమేమిటని అందరూ నవ్వుకున్నారు. ఆయన తన పాత కారుని తెర వెనక గదిలో తడి నేల మీద నిలబడి మావయ్యకి అప్పజెప్పాడు. "నువ్వు తీసుకో. నువ్వయితే దాన్ని కొట్టవు, తిట్టవు" అన్నాడు. మావయ్యకి అప్పటికి డ్రైవింగే రాదు. వద్దని చెప్పలేక ఒప్పుకుని, ఇంటికొచ్చి రెండ్రోజులు జ్వరంతో పడుకున్నాడు.

ఆ కారుకిప్పుడు నలభై మూడేళ్ళు. పావురం రంగు. తలుపు వేస్తే డబ్బా మూత వేసినట్టు కాకుండా, బరువైన చెక్క బీరువా మూసినట్టు మెత్తగా శబ్దం వస్తుంది. మావయ్య ఆదివారాలు దాన్ని ముప్ఫై కిలోమీటర్ల వేగానికి మించకుండా నడుపుతాడు. సైకిళ్ళు దాటి వెళ్ళిపోతాయి. ఒకసారి పక్కన కూర్చున్నప్పుడు అడిగాను, ఇంత భయస్తుడివి, రోడ్డు మీద ఎలా తిప్పుతావు మావయ్యా అని. "ఇందులో కూర్చుని తలుపేసుకుంటే భయముండదే. ఎందుకో నాకూ తెలీదు" అన్నాడు. అబద్ధం కాదు. ఆ అరగంటా ఆయన భుజాలు కిందికి దిగి ఉంటాయి. మిగతా వారమంతా చెవుల దగ్గరే ఉంటాయి.

అదే కంపెనీ, అదే మోడలు కార్లు ఊళ్ళో ఇంకో ఆరుగురి దగ్గర ఉన్నాయి. పిచ్చి ఒకటే కాబట్టి ఏడుగురూ ఒకరినొకరు వెతుక్కుని జట్టుకట్టారు. వాళ్ళకి పెద్ద పళ్ళ డాక్టరు. ఏ పార్టు ఎక్కడ దొరుకుతుందో ఆయనకి తెలుసు, దొరికిందంటే మాత్రం ముందు తన సంచీలోకే వెళ్తుంది. ఇంకొకాయన రిటైరైన పోస్టుమాస్టరు. పిరికితనంలో మావయ్యకి పోటీ రాగలవాడు ఆయనొక్కడే. మిగిలిన నలుగురూ డాక్టరు ఏదంటే అదే అనేవాళ్ళు. ఆదివారం మా ఇంటి (కింద మావయ్యవాళ్ళు, పైవాటాలో నేను) వెనక షెడ్డులో చేరి ఒక బోల్టు గురించి మూడు గంటలు మాట్లాడుకోగలరు. అత్తయ్య టీ ఇచ్చి తలుపు వేసేసుకునేది.

ఆరేళ్ళ కిందట కొత్త రూలొచ్చింది. పాతికేళ్ళు దాటిన బండి ఏదైనా ఏటా పొగ పరీక్షకి రావాలి. పాసైతే పాతకాలపు వాహనం అని చీటీ ఇస్తారు, ఏడాది పాటు సెలవురోజుల్లో తిప్పుకోవచ్చు. ఫెయిలైతే గడువిస్తారు. గడువులో మళ్ళీ ఫెయిలైతే బండి తుక్కుకి. ఇందులో తప్పు పట్టడానికి నాకేం కనిపించదు. నేను రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను, ఊపిరితిత్తుల సంగతి నాకు కొంత తెలుసు. ఏ పొగకైనా లెక్క ఉండాల్సిందే.

మొదటి ఏడు డాక్టరు కారు ఫెయిలైంది. మావయ్య కారు పాసైంది. అప్పుడు డాక్టరు, "నీ కార్బురేటరు ఓ రెండ్రోజులు ఇవ్వకూడదూ" అని అడిగాడు. పెట్రోలుని గాలితో కలిపి ఇంజనుకి పంపే భాగం అది. పొగ బాగోగులన్నీ దాని చేతిలోనే. మావయ్య విప్పి ఇచ్చాడు. డాక్టరు కారు పాసైంది. మిగతా అయిదుగురూ తమ సొంతదాంతో పరీక్షకి వెళ్ళి చూడనైనా చూడలేదు. మాకూ ఇవ్వమని వరసగా వచ్చి నిలబడ్డారు. డాక్టరు చదువుకునే రోజుల్లో గదిలో నలుగురికీ కలిపి ఒకటే తెల్లచొక్కా ఉండేదట, ఎవరు ఇంటర్వ్యూకెళ్తే వాళ్ళు తొడుక్కునేవారట. అందుకని ఆ కార్బురేటరుకి ఇంటర్వ్యూ చొక్కా అని పేరు పెట్టాడు. అప్పటినుంచీ ఏటా ఒక కారు తర్వాత ఒక కారు ఆ చొక్కా తొడుక్కుని పరీక్షకి వెళ్ళి వచ్చింది.

నాకు తెలిసిన రోజున మండిపోయింది. "మావయ్యా, ఒకరి రక్తం తీసి ఇంకొకరి సీసాలో పోసి రిపోర్టిస్తే నన్ను జైల్లో పెడతారు తెలుసా" అన్నాను. ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, "తెలుసే. కానీ వాళ్ళడిగారు కదా" అన్నాడు.

వాళ్ళని పట్టించింది మోసం కాదు, నిజాయితీ. పరీక్షకి నింపే ఫారంలో చిట్టచివర ఒక గడి ఉంటుంది: ఇంజను విడిభాగాల నంబర్లు, తెలిస్తే రాయండి. లోకంలో ఎవరైనా ఆ గడిలో గీత పెట్టి వదిలేస్తారు. ఈ ఏడుగురూ వదల్లేరు. పాత కారు పిచ్చి ఉన్నవాడికి నంబరే ప్రాణం, ఏ ఫ్యాక్టరీలో ఏ నెలలో పోతపోశారో చెప్పే అంకె అది. పైగా ఫారాలు నింపే పని మావయ్యదే. ముత్యాల్లాంటి రాత ఆయనది. ఫారం ఖాళీగా వదలాలంటే భయం, అబద్ధం రాయాలంటే ఇంకా భయం. అందుకని ప్రతి కారు దగ్గరికీ వెళ్ళి, బానెట్ ఎత్తి, షాపు భూతద్దం పెట్టి, అప్పుడు ఆ ఇంజనుకి ఏ కార్బురేటరు ఉందో దాని నంబరు ఉన్నదున్నట్టు రాసేవాడు. ఆరేళ్ళు, ఏడు కార్లు, ఒకటే నంబరు.

ఈ ఏడు ఆ కాగితాలన్నీ కంప్యూటరులోకి ఎక్కించారు. ఒక మంగళవారం ఏడిళ్ళకీ ఏడు ఉత్తరాలొచ్చాయి. ఒకే నంబరుగల భాగం ఏడు వాహనాల్లో నమోదైంది. ఇంతవరకూ ఇచ్చిన చీటీలన్నీ రద్దు. వచ్చే సోమవారం కాక పై సోమవారం ఉదయం ఎనిమిదికి ఏడు బండ్లూ ఎవరి భాగాలతో వారు హాజరు కావాలి. పరీక్ష ఒక్కసారే. ఫెయిలైన బండిని పదిహేను రోజుల్లో, ఏ భాగమూ తీయకుండా, తుక్కుకి అప్పగించాలి.

మావయ్య ఆ ఉత్తరం గుమ్మంలో నిలబడే చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు. తర్వాత లోపలికొచ్చి, మంచినీళ్ళ గ్లాసు ఎత్తబోయి, ఎత్తలేక బల్ల మీదే వదిలేశాడు. నాకప్పటిదాకా ఆయన భయాలన్నీ నవ్వులాట. ఆ గ్లాసు చూశాక నవ్వు రాలేదు. పళ్ళెం ముందు కూర్చుని, కలిపి, కలిపింది అలాగే పెట్టేసి లేచిపోయాడు.

ఆ సాయంత్రమే ఏడుగురూ మా ముందుగదిలో కర్టెన్లు వేసుకుని కూర్చున్నారు. దొంగకి తేలు కుట్టినట్టుంది అందరి వరసా, పైకి అరవడానికి లేదు. పోస్టుమాస్టరు గారు, "జైలుంటుందా? జైలయితే నాకు మోకాళ్ళు వంగవు" అని పదేపదే అడిగారు. డాక్టరు ఒక్కడే గొంతు తగ్గించకుండా మాట్లాడాడు.

"కంగారు పడకండి. మనం ఫారాలు చూడనైనా చూడలేదు, సంతకం పెట్టామంతే. రాసింది ఎవరో రాత చూస్తే తెలుస్తుంది."

ఎవరూ మావయ్య వైపు తిరగలేదు. తిరగకుండా ఉండడానికి అందరూ టీ కప్పుల్లోకి చూశారు.

"అడిగితే పొరపాటున ఒకటే నంబరు అన్నిట్లోనూ వేసేశానని చెప్పెయ్యి. చేతిరాత పొరపాటుకి పెద్దగా ఏం చెయ్యరు" అన్నాడు డాక్టరు.

"సరేనండీ" అన్నాడు మావయ్య.

అత్తయ్య వంటింట్లోంచి వచ్చి, కప్పులు ఇంకా సగం ఉండగానే అన్నీ ట్రేలో పెట్టుకుని లోపలికి తీసుకుపోయింది. అందరికీ అర్థమై లేచారు.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో నేను పైవాటాలో ఉండి చూశాను. గేటు ముందు ఏ బండి ఆగినా ఆయన కర్టెన్ వెనక్కి వెళ్ళేవాడు. షాపులో కుడికంటి అద్దం ఎడమకంటి కొలతకి అరగదీశాడు, ముప్ఫై ఆరేళ్ళలో మొదటిసారి. ఆ అద్దం ఇంటికి తెచ్చుకుని డైనింగు టేబులు మీద పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. "వాళ్ళ బండ్లు పోతాయే. ఆరుగురి బండ్లు. నా రాత వల్ల" అన్నాడు. నీ బండి సంగతేమిటి మావయ్యా అంటే, "నాదానికేం, చొక్కా దానిదే కదా" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు మాత్రం కాస్త ఊపిరి పీల్చుకున్నాడు. కారు తనకి మిగులుతుందన్న ధైర్యం ఒక్కటే ఆయన్ని నిలబెట్టిందని నాకు తెలుస్తూనే ఉంది.

ఉత్తరం వచ్చేనాటికి చొక్కా పోస్టుమాస్టరు గారి కారుకి ఉంది. దాన్ని విప్పి తెచ్చివ్వడానికి ఆయనకి ధైర్యం చాల్లేదు. ఆఖరికి పరీక్షకి ముందురోజు, ఆదివారం మధ్యాహ్నం మూడింటికి, బిస్కట్ల డబ్బాలో పెట్టి, తువ్వాలు చుట్టి, మూడు వీధులు చుట్టుతిరిగి తెచ్చి, ఇంట్లోకి రాకుండానే గేటు మీదుగా అందించి, తనదాన్ని తీసుకుని వెళ్ళిపోయారు.

షెడ్డులో వెలుతురు తక్కువ. నేను టార్చి పట్టుకున్నాను. కార్బురేటరుని ఇంజను మీద కూర్చోబెట్టి, నాలుగు మూలలా నాలుగు నట్లు బిగించాలి. మొదటిది బిగిసింది. రెండోది, మూడోది బిగిశాయి. నాలుగోది తిరుగుతోంది. స్పానరు తిప్పుతున్నకొద్దీ తిరుగుతూనే ఉంది, ఆగడం లేదు.

"ఏమైంది?"

"ఏం లేదు."

ఆయన నట్టు తీసి, కింద ఇంజనులో దిగి ఉన్న మరమేకుని వేళ్ళతో పైకి లాగాడు. పంటి చిగురు వదులైనప్పుడు పన్ను వచ్చినట్టు అది సునాయాసంగా ఊడి వచ్చింది. రంధ్రంలో వేలు పెట్టి తీస్తే వేలికి వెండిపొడి అంటుకుంది. లోపలి మరలు పూర్తిగా అరిగిపోయాయి. మిగతా అందరి కార్లకీ ఏడాదికోసారి తీసి పెట్టడం, అంతే. ఈ కారు నుంచి మాత్రం ఆరుగురి కోసం ఆరుసార్లు విప్పి, మధ్యలో ఆదివారాలు తిప్పుకోవడానికి ఆరుసార్లు బిగించాడు, ఏటా, ఆరేళ్ళు. అరువిచ్చిన సొమ్ము క్షేమంగానే తిరిగొచ్చింది. అది ఉండాల్సిన చోటే అరిగిపోయింది.

"ఇక్కడ్నించి గాలి లాగేస్తుంది" అన్నాడు. అతి నెమ్మదిగా, పక్కగదిలో ఎవరో పడుకున్నట్టుగా అన్నాడు. "గాలి లాగితే ఇంజను తడబడుతుంది. పెట్రోలు కాలకుండానే బయటికొచ్చేస్తుంది."

మరలు కొత్తగా కోయించడానికి లేతు షాపుకి వెళ్దాం పద అన్నాను. ఆదివారం, మూత. ఇన్‌స్పెక్టరుకి ఫోన్ చేద్దాం అన్నాను. ఆ మాటకే ఆయన మొహం పాలిపోయింది. పోనీ ఆ డాక్టరుకైనా చెప్పు, ఇంకో రోజు గడువడుగుతాడు అన్నాను.

"వద్దే. ఇదంతా వాళ్ళ వల్లే జరిగిందని బాధపడతారు."

"పడాలి కదా మావయ్యా. అదేగా నాక్కావలసింది."

ఆయన వినలేదు. పలచటి రేకు కత్తిరించి మరమేకు చుట్టూ చుట్టి, మళ్ళీ దించి బిగించాడు. ఈసారి నట్టు ఆగింది. ఇంజను స్టార్ట్ చేస్తే మామూలుగానే మోగింది. పది నిమిషాలు వింటూ నిలబడ్డాడు. "పట్టింది" అన్నాడు. తర్వాత, "వేడెక్కితే ఎలా ఉంటుందో తెలీదు" అన్నాడు. షెడ్డు తలుపు తాళం వేసి, మూడుసార్లు లాగి చూసి, లోపలికెళ్ళి వరండా మెట్టు మీద కూర్చున్నాడు. అత్తయ్య వచ్చి పక్కన కూర్చుంది. ఆవిడ వెక్కిరించకుండా ఊరుకోవడం చూస్తే నాక్కూడా భయమేసింది.

పరీక్షా కేంద్రం పెద్ద రేకుల షెడ్డు. ముందు ఒక గేటు, వెనక ఒక గేటు, మధ్యలో గొయ్యి. గోడకి బండిచక్రమంత పెద్ద ఫ్యాను ఉన్నా కాలిన నూనె వాసన కదలదు. పసుపు గీతల మధ్య ఏడు కార్లూ వరసగా నిలబెట్టారు. మావయ్యది చివర. ఇంజన్లు ఆపొద్దన్నారు. నలభై నిమిషాలు ఇంజను మోగుతూ ఉంది. ఆయన స్టీరింగు రెండు చేతులా పట్టుకుని, మూతి బిగించి, బానెట్ వంకే చూస్తూ కూర్చున్నాడు. పక్కసీట్లో నేను వింటున్నాను, ఆయనా వింటున్నాడు. ఇంకా మామూలుగానే ఉంది.

ఇన్‌స్పెక్టరమ్మ నలభై ఏళ్ళావిడ. చేతిలో ఫైలుతో వచ్చి ఏడుగుర్నీ దిగమంది.

"ఈ ఫారాలన్నీ ఒకే చేతిరాత. ఎవరిది?"

డాక్టరు సీలింగు చూశాడు. పోస్టుమాస్టరు గారు మోకాలు రుద్దుకున్నారు. మావయ్య బడిపిల్లాడిలా చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి దించలేదు.

"నాదేనమ్మా."

"పొరపాటా?"

ఇదిగో, ఇక్కడ అవునంటే సరిపోయేది. డాక్టరు నేర్పిన మాట నాలుక చివరే ఉంది.

"కాదమ్మా. ఆ రోజు ఏ బండికి ఏది ఉందో అదే చూసి రాశాను. అది నాది. నేనే అందరికీ ఇచ్చాను."

ఆవిడ ఆ ఫారాలు మరోసారి తిరగేసింది. "అబద్ధం రాసుంటే నాకు దొరికేవారు కాదు" అంది. కోపంగా అనలేదు. ఫైలు మూసి, మొదటి బండి రమ్మని సైగ చేసింది.

డాక్టరు కారు వెళ్ళింది. పొగగొట్టంలో సన్నటి గొట్టం పెట్టారు, తెర మీద అంకెలు కదిలాయి. దానికి పెట్టింది దాని సొంత కార్బురేటరే, ఆరేళ్ళ కిందట ఫెయిలైన కార్బురేటరు. మావయ్య నా మోచెయ్యి పట్టుకున్నాడు, గోళ్ళు దిగాయి. పాస్. అంచుకి ఎంతో దూరంలో పాస్. రెండో కారు పాస్. మూడోది పాస్. పోస్టుమాస్టరు గారి కారు కూడా పాసయ్యేసరికి ఆయన అక్కడే కుర్చీలో కూలబడి కళ్ళు తుడుచుకున్నారు. ఆరూ పాస్.

"ఇదెలా?" అన్నాడు డాక్టరు, తన చీటీ తనే నమ్మలేక.

"చొక్కా మీ దగ్గరున్నప్పుడు మీవి నా షెల్ఫులో ఉండేవి కదండీ" అన్నాడు మావయ్య. "ఖాళీగా ఉండలేక విప్పి కడిగి, రంధ్రాలవీ శుభ్రం చేసి, కొలతలు సరిచేసి పెట్టేవాణ్ణి. మీకు చెప్తే మీదానికి ఏదో లోపముందన్నానని అనుకుంటారని చెప్పలేదు."

అంటే మొదటి ఏడు తర్వాత ఎవరికీ చొక్కా అవసరమే లేదు. అయిదేళ్ళు ఊరికే తీసుకెళ్ళారు. డాక్టరు నవ్వి ఆయన భుజం మీద ఒక్కటి వేశాడు. మిగతావాళ్ళూ నవ్వారు. మావయ్య కూడా నవ్వాడు, ఆరు బండ్లూ దక్కినందుకు నిజంగానే సంతోషించాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోతోంది, అంతకంటే ఎక్కువ భయమేస్తోంది. ఏడో కారు దగ్గర్నించి సన్నగా ఈల వినిపిస్తోంది.

ఆయనకీ వినిపించింది. నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది.

కారు ముందుకి తీశాడు. గొట్టం పెట్టారు. తెర మీద రెండు అంకెలు. మొదటిది బాగానే ఉంది. రెండోది కాలకుండా వచ్చే పెట్రోలుది. తొమ్మిది వందలు దాటకూడదు. నాలుగు వందల దగ్గర మొదలైంది. నాలుగు ఎనభై. అయిదు నలభై. ఈల పెద్దదైంది, ఇంజను ఒక్కసారి దగ్గినట్టు ఊగింది. ఏడు వందలు. నిమిషం ఆగాలి, ఆ నిమిషం గోడ గడియారంలో తిరుగుతోంది. ఎనిమిది అరవై దగ్గర కాసేపు ఆగింది. నేను ఊపిరి బిగబట్టి, ఆగు, ఆగు అని మనసులో అనుకుంటున్నాను. మావయ్య తెర చూడ్డం మానేసి కళ్ళు మూసుకున్నాడు. ఇంజను మళ్ళీ దగ్గింది. పదకొండు వందల నలభై.

యంత్రం చీటీ ఇచ్చింది. ఇన్‌స్పెక్టరమ్మ దాన్ని చించి, వెంటనే ఇవ్వకుండా చేతిలోనే పట్టుకుంది.

"ఒక్కసారే అని ఉత్తరంలో రాశామండీ."

"రాశారమ్మా. మిమ్మల్ని శ్రమపెట్టాను" అన్నాడు మావయ్య.

వెనక్కి తిరిగి చూస్తే పోస్టుమాస్టరు గారిది తప్ప మిగతా అయిదు కార్లూ వెనక గేటులోంచి వెళ్ళిపోయాయి. డ్యూటీలకి ఆలస్యమవుతుందట.

ఇంటిదాకా ఆయనే నడిపాడు. ఈల వేస్తూనే నడిచింది. కూడలి దాటాక బండి పక్కకి తీసి ఆపి, తలుపు బాగా పడిందో లేదో లాగి చూశాడు. మళ్ళీ చూశాడు. "ఇప్పుడిందులో కూడా భయమేస్తోందే" అన్నాడు. భుజాలు చెవుల దాకా వచ్చేశాయి. నేను అద్దం దించాను.

పన్నెండో రోజు ఉదయం తుక్కు లారీ వచ్చింది. డ్రైవరు గేటు ముందు ఆపి, కాగితాలు రాసుకోవడానికి క్యాబిన్‌లోకి ఎక్కాడు. అప్పుడే పళ్ళ డాక్టరు వచ్చాడు, చంకలో గుడ్డసంచీతో. మావయ్యని షెడ్డులోకి తీసుకెళ్ళి సంచీ విప్పాడు. లోపల తుప్పుపట్టిన కార్బురేటరు ఒకటి.

"ఇది దానికి పెట్టేద్దాం. అయిదు నిమిషాల పని. నీది నాకిచ్చెయ్యి. వాళ్ళు బానెట్ ఎత్తి చూస్తారనుకుంటున్నావా? బంగారంలాంటి వస్తువు, ముద్దయిపోతే ఎవరికి లాభం?"

మాట తప్పేం కాదు. నేనే డాక్టరునయితే నేనూ అదే అడిగేదాన్నేమో. స్పానరు మావయ్య చేతికి అందేంత దగ్గర్లోనే ఉంది. అత్తయ్య తలుపు దగ్గర ఆగింది. ఇన్నేళ్ళలో అడిగినవాళ్ళ ముందు మావయ్య చెయ్యి స్పానరు వైపు వెళ్ళకుండా ఉండడం మేమెవరమూ చూడలేదు. అది ఇప్పుడూ వెళ్ళింది. స్పానరు తీసుకుని ప్యాంటు జేబులో పెట్టుకున్నాడు.

"ఇవ్వనండీ" అన్నాడు.

డాక్టరుకి అర్థం కాలేదు. "నీకెందుకది ఇంక?"

"నాకు కాదండీ. దానిది." బానెట్ మీద చెయ్యి వేశాడు. "దాన్నుంచి చాలాసార్లు తీశాను. ఇంక తియ్యను."

డాక్టరు సంచీ విసురుగా మూట కట్టుకుని వెళ్ళిపోయాడు. గేటు తెరిచే వదిలేశాడు. మావయ్య కారు స్టార్ట్ చేసి, ఈల వేస్తున్నదాన్ని పలకల మీదుగా తనే లారీ ఎక్కించి, తాళం డ్రైవరు చేతిలో పెట్టి, దిగి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. చెమటకి చొక్కా వీపుకి అంటుకుపోయింది.

లారీ కదిలింది. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి మంచుముక్కలా ఉంది.

"డాక్టరుగారికి కోపమొచ్చిందంటావా?"

అబద్ధం చెప్పాలనుకున్నాను గానీ నోరు రాలేదు. "వచ్చింది మావయ్యా. చాలా కోపమొచ్చింది."

లారీ మలుపు తిరిగి, దాని చప్పుడు పూర్తిగా ఆగిపోయేదాకా ఆయన నా చెయ్యి వదల్లేదు.

"రానీలే" అన్నాడు.